ఇక్కత్ గ్రాఫులు గీయడానికి ట్యాబ్లెట్: ఐప్యాడ్ ఓఎస్ తీసుకోవాలా, ఆండ్రాయిడ్ తీసుకోవాలా?

చండూరు_మగ్గం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది చండూరు వైపు చేనేత కుటుంబం. మా బాపు చిటికి కడతారు, అంటే నేసే ముందే రంగు అంటకూడని చోట నూలు పోగులను గట్టిగా కడతారు, తరువాత రంగులు వేస్తారు. డిజైన్లు గీయడం నా పని. ఇన్నాళ్లూ గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో, స్కెచ్ పెన్నులతోనే గీస్తూ వచ్చాను. ఒక కొంగుకు గీసిన గ్రాఫులో పువ్వును రెండు గళ్లు పక్కకు జరపాలన్నా, ఎరుపు బదులు ముదురు నీలం వేస్తే ఎలా ఉంటుందో చూపించమని వ్యాపారి అడిగినా, కాగితం మొత్తం మళ్లీ మొదటి నుంచి నింపవలసి వస్తోంది. ఆ శ్రమ తప్పించుకోవడానికి, పెన్నుతో గీసే వీలున్న ట్యాబ్లెట్ ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది కొనాలన్న దగ్గరే ఎటూ తేలడం లేదు. నల్లగొండలో ఒక దుకాణంలో అడిగితే ఐప్యాడ్ తప్ప మరొకటి చూడనే వద్దన్నారు. పక్క దుకాణంలో అడిగితే అందులో సగం ధరకే ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ వస్తుంటే అంత డబ్బు ఎందుకు పోస్తారన్నారు. ఇద్దరూ ప్రాసెసర్ గురించి, కెమెరా గురించి చెప్పారే కాని, గళ్లు నింపే పనికి ఏది అనువుగా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. కెమెరాతో నాకు పనే లేదు.

పెన్నుతో కలిపి 40 వేల లోపు పెట్టగలను. గీసిన గ్రాఫును పట్నంలో ప్రింటు తీయించి బాపు చేతికి ఇవ్వాలి. వ్యాపారికి వాట్సాప్‌లో పంపితే రంగులు చెదరకూడదు. సాయంత్రాలు మా చెల్లెలు ఇంటర్ పాఠాలు చూసుకోవడానికి కూడా అదే ట్యాబ్లెట్ వాడుతుంది. ఈ పనిని ట్యాబ్లెట్ మీద నిజంగా చేస్తున్నవారు ఎవరైనా ఉంటే సలహా ఇవ్వగలరు.

పుట్టపాక_తేలియా

చండూరు గారూ, నేను ఐప్యాడ్ మీదే గీస్తాను. అయినా మీకు కళ్లు మూసుకుని ఐప్యాడే కొనమని చెప్పను. ముందు పని ఎలా సాగుతుందో చెబుతాను. దాన్ని బట్టి మీకు ఏ ఆప్ కావాలో, ఆ ఆప్ ఏ సిస్టమ్ మీద ఉందో మీరే తేల్చుకోవచ్చు.

మన గ్రాఫులో ఒక గడి అంటే ఒక కట్టు. ట్యాబ్లెట్‌లో కూడా అదే లెక్క పాటించాలి: ఒక గడికి ఒక పిక్సెల్, అంటే తెర మీది బొమ్మలో అతి చిన్న చుక్క. 240 గళ్ల వెడల్పు గల డిజైన్ అయితే 240 పిక్సెళ్ల వెడల్పుతోనే కొత్త ఫైలు తెరిచి, దాన్ని పెద్దది చేసి చూసుకుంటూ, ఒక పిక్సెల్ మందం ఉన్న బ్రష్‌తో నింపుకుంటూ పోవాలి. చాలామంది ముందుగా పెద్ద బొమ్మ గీసి, దాని మీద గళ్ల గీతలు పరుస్తారు. అది చూడడానికి బాగానే ఉంటుంది కాని, గడి మధ్యలోంచి పువ్వు అంచు పోతుంది. ఆ గడిని కట్టాలో వదలాలో చిటికి కట్టేవారికి తెలియదు. మన పనిలో సగం గడి అనేది లేదు.

ఇక ప్రింటు కోసం ఆ చిన్న ఫైలును పెద్దది చేసేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. మామూలుగా ఏ ఆప్ అయినా బొమ్మను పెంచేటప్పుడు అంచులు నునుపుగా కనిపించాలని పక్కపక్క రంగులను కలిపేస్తుంది. ఎరుపుకూ తెలుపుకూ మధ్య లేని గులాబీ రంగు ఒకటి పుట్టుకొస్తుంది. మేము నేసే ఇక్కత్ రకం తేలియా రుమాల్‌లో ఉండేవే ఎరుపు, నలుపు, తెలుపు. ఆ నాలుగో రంగును ఏ తొట్టిలో ముంచాలి? అందుకని పెంచే పద్ధతిలో ‘నియరెస్ట్ నైబర్’ (పక్క రంగులను కలపకుండా పెంచేది) అన్న ఎంపిక ఉన్న ఆప్ మాత్రమే మనకు పనికొస్తుంది. నేను వాడే ప్రోక్రియేట్‌లో అది ఉంది. ఒక పక్క గీస్తే రెండో పక్క దానంతటదే పడే సిమెట్రీ సదుపాయం కూడా ఉంది కాబట్టి, ఎడమా కుడీ ఒకేలా ఉండే కొంగులకు సగం పని తగ్గుతుంది. ఒక్కసారి డబ్బు కడితే చాలు, నెలనెలా కట్టనవసరం లేదు. కాని అది ఐప్యాడ్ మీద తప్ప ఆండ్రాయిడ్ మీద దొరకదు. ఐప్యాడ్ తీసుకోవడానికి నాకున్న మొదటి కారణం అదే.

రెండో కారణం మన్నిక. 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15 కూడా అందింది. 2019 నాటి ఏడో తరం ఐప్యాడ్‌కు ఐప్యాడ్ ఓఎస్ 18 దాకా వచ్చి, ఆ తరువాతి వెర్షన్‌కు (దాని పేరు 26) ఆగిపోయింది. కొత్త వెర్షన్ ఆగిపోయినంత మాత్రాన గీసే ఆప్ వెంటనే ఆగదు.

ఖర్చు సంగతి చూద్దాం. 2025 మార్చిలో వచ్చిన ఏ16 ఐప్యాడ్ ధర మన దేశంలో విడుదలప్పుడు 34,900 రూపాయలు, 128 జీబీ. మన ఫైళ్లు చాలా చిన్నవి కాబట్టి అంతకంటే ఎక్కువ నిల్వ మీకు అక్కరలేదు. తెర మీద గీసే ఆపిల్ పెన్సిల్ వేరుగా కొనాలి. యూఎస్‌బీ-సీ పెన్సిల్ 7,900 అనుకుంటే మొత్తం 42,800 అవుతుంది, అంటే మీ లెక్క దాటుతుంది. ఆ పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే గుణం లేదని బొమ్మలు గీసేవారు దాన్ని తీసిపారేస్తారు. మనకు గడి నిండితే నిండినట్టు, లేకపోతే లేనట్టు. ఎంత గట్టిగా నొక్కామన్నదానితో సంబంధం లేదు. కాబట్టి ఖరీదైన పెన్సిల్ కోసం పాకులాడకండి.

ఒక పిడకల వేట కూడా చెబుతాను. 2024లో ఐప్యాడ్ ఓఎస్ 18 వచ్చేదాకా ఐప్యాడ్‌లో కాలిక్యులేటరే ఉండేది కాదు. పోగుల లెక్క చూసుకోవాలంటే పక్కన ఫోన్ పెట్టుకోవలసి వచ్చేది.

నల్లగొండ_రిపేర్లు

పుట్టపాక వారు గడి గురించి చెప్పినదంతా సరైనదే. కాని ప్రోక్రియేట్ ఒక్కదాని కోసం ఐప్యాడ్ కొనాలన్న వాదనతో నేను ఏకీభవించను. నేను ఫోన్లు, ట్యాబ్లెట్లు బాగుచేస్తాను, కాబట్టి జనం ఏమి కొని ఏమి ఇబ్బంది పడతారో రోజూ చూస్తుంటాను.

ఐప్యాడ్ అంటే ఒకే కంపెనీ, ఒకే సిస్టమ్. ఆండ్రాయిడ్ అన్న పేరు కింద పది వేలది, లక్ష రూపాయలది రెండూ ఉంటాయి. కాబట్టి “ఆండ్రాయిడ్ మీద గీయవచ్చా” అని అడిగితే జవాబు చెప్పలేము. “ఏ పెన్ను ఉన్న ఆండ్రాయిడ్” అని అడగాలి. తక్కువ ధర ట్యాబ్లెట్లకు బజారులో దొరికే రబ్బరు మొన పెన్ను నిజానికి వేలికి బదులు మాత్రమే. తెరకు అది పెన్నో, మీ అరచేయో తెలియదు. చేయి ఆనించి గీస్తే చేయి తగిలిన చోటల్లా గీతలు పడతాయి. మణికట్టు గాలిలో ఉంచుకుని గంటల తరబడి గళ్లు నింపడం ఎవరి వల్లా కాదు.

శాంసంగ్ ఎస్ పెన్ అలా కాదు. తెర అడుగున వేరే పొర ఒకటి ఉండి అయస్కాంత క్షేత్రంతో పెన్ను మొనను పసిగడుతుంది. అందువల్ల పెన్ను దగ్గరగా ఉన్నప్పుడు చేతి స్పర్శను పట్టించుకోదు, గీయడానికి పెన్నుకు ఛార్జింగ్ కూడా అక్కరలేదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, 2025లో వచ్చిన ఎస్10 లైట్ వంటి వాటికి ఆ పెన్ను పెట్టెలోనే వస్తుంది. అదే కంపెనీ ట్యాబ్ ఏ9 ప్లస్‌కు మాత్రం ఎస్ పెన్ పనిచేయదు. పేర్లు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల ఏ9 ప్లస్ కొని, తరువాత పెన్ను కోసం వెతుక్కుంటూ వచ్చేవారు ఉన్నారు.

ఆప్ సంగతికి వస్తే, క్రిటా ఆండ్రాయిడ్ మీద ఉచితంగా దొరుకుతుంది, ఐప్యాడ్ మీద అసలు లేదు. పిక్సెళ్లు చెదరకుండా పెంచే పద్ధతి అందులోనూ ఉంది. అంతకంటే మీకు పనికొచ్చేది ‘ర్యాప్ అరౌండ్’ అన్న సదుపాయం: ఒక బుటాను గీస్తుంటే అది నాలుగు పక్కలా వరుసగా పరిచినట్టు అక్కడికక్కడే కనిపిస్తుంది, అతుకు దగ్గర గడి తప్పితే వెంటనే తెలిసిపోతుంది. అయితే ట్యాబ్లెట్ తెర మీద దాని బొత్తాలు మరీ చిన్నవిగా ఉంటాయి. కంప్యూటర్ కోసం తయారైన ఆప్‌ను ట్యాబ్లెట్‌లోకి తెచ్చారని చూడగానే తెలుస్తుంది. అది నచ్చకపోతే ఇబిస్ పెయింట్ రెండు సిస్టమ్‌ల మీదా ఉంది. క్లిప్ స్టూడియో కూడా ఉంది కాని ట్యాబ్లెట్ మీద దానికి చందా కట్టాలి.

ఆండ్రాయిడ్‌లో ఉన్న అసలు లోపం కూడా చెప్పాలి. పెద్ద తెరల కోసమని గూగుల్ 2011లోనే ఆండ్రాయిడ్ 3 తెచ్చింది. తరువాత చాలా ఏళ్లు ఆ వైపు పెద్దగా చూడలేదు. మళ్లీ 2022లో 12ఎల్ వెర్షన్‌తో కదలిక వచ్చింది. ఆ నడుమ ఏళ్లలో ఆప్‌లు చేసినవారు చాలామంది ఫోన్‌నే దృష్టిలో పెట్టుకోవడంతో, ఇప్పటికీ కొన్ని ఆప్‌లు ట్యాబ్లెట్‌లో నిలువుగా మాత్రమే తెరుచుకుంటాయి, లేదా ఫోన్ తెరనే సాగదీసినట్టు కనిపిస్తాయి. గీసే ఆప్‌లకు ఈ ఇబ్బంది తక్కువ. బ్యాంకు ఆప్‌లకు, కొన్ని కోచింగ్ ఆప్‌లకు ఎక్కువ.

అప్‌డేట్లు కూడా కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. ట్యాబ్ ఎస్10 ప్లస్, అల్ట్రాలకు ఏడు తరాల ఆండ్రాయిడ్ ఇస్తామని శాంసంగ్ చెప్పింది. చవక మోడళ్లకు అంత ఉండదు. కొనే మోడల్‌కు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయో దుకాణదారు మాట మీద కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గద్వాల_అంచు

మూడో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. మేము అంచులకు జకార్డు వాడతాము, అంటే అట్టల మీది రంధ్రాలను బట్టి మగ్గం మీద డిజైన్ పడే సాధనం. డిజైన్‌ను అట్టలు కొట్టించడానికి తీసుకువెళ్లే చోట నేను చూసిన సాఫ్ట్‌వేర్ అంతా విండోస్ మీదే నడుస్తుంది, వారు అడిగేది లెక్కపెట్టిన రంగులున్న బీఎంపీ రకం బొమ్మ ఫైలు. అందుకని నేను పెన్ను ఉన్న విండోస్ ట్యాబ్లెట్ తీసుకున్నాను. జకార్డు వైపు వెళ్లే ఆలోచన ఉన్నవారికి మాత్రమే ఇది పనికొస్తుంది. వేళ్లతో వాడడానికి విండోస్ అంత సుఖంగా ఉండదు, బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది.

పాత విండోస్ ట్యాబ్లెట్ సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోందని ఎవరైనా చెబితే, అది విండోస్ 11 తీసుకుంటుందో లేదో ముందు అడగండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో ఆండ్రాయిడ్ ఆప్‌లు కూడా నడుస్తాయన్న మాట ఒకప్పుడు నిజమే కాని, ఆ సదుపాయాన్ని 2025 మార్చిలో ఆపేశారు. మీది చిటికి పని, గ్రాఫు చేరవలసింది కాగితం మీదికే. విండోస్ జోలికి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం.

చండూరు_మగ్గం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక గడికి ఒక పిక్సెల్ అన్న పద్ధతి నాకు తట్టనే లేదు; దాంతో సగం చిక్కు విడిపోయింది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. చెల్లెలు పాఠాలు చూసేటప్పుడు నా డిజైన్లు పొరపాటున చెరిగిపోకుండా ఉండాలంటే ఏ సిస్టమ్ మేలు? గ్రాఫు పక్కన రంగుల పేర్లు, పోగుల లెక్క తెలుగులోనే రాస్తాను, బాపు ఇంగ్లీషు చదవలేరు. తెలుగు ఎందులో బాగుంటుంది?

పాలమూరు_లెక్కల_సార్

మీ మొదటి సందేహానికి జవాబు తేలిక. ఒకే ట్యాబ్లెట్‌లో ఇద్దరికి వేరువేరు ఖాతాలు పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో 2012 నాటి 4.2 వెర్షన్ నుంచీ ఉంది. మీ చెల్లెలికి వేరే యూజర్ తెరిస్తే ఆమె ఆప్‌లు, ఫొటోలు, ఫైళ్లు ఆమెవి. మీ గ్రాఫులు ఆమెకు కనిపించనే కనిపించవు. ఐప్యాడ్‌లో ఈ ఏర్పాటు బడులు, సంస్థలు నిర్వహించే ఐప్యాడ్లకే ఉంది, ఇంట్లో వాడేవారికి లేదు. స్క్రీన్ టైమ్‌తో ఆప్‌లకు సమయం పరిమితం చేయవచ్చు, గైడెడ్ యాక్సెస్‌తో ఒకే ఆప్‌లో కట్టిపడేయవచ్చు. అవి పిల్లలను అదుపులో పెట్టే సాధనాలే తప్ప, ఒక ట్యాబ్లెట్‌ను ఇద్దరికి పంచేవి కావు. ఇంత ఖరీదైన పరికరంలో ఈ లోటును ఇన్నేళ్లుగా అలాగే ఉంచడం నాకు ఏమాత్రం నచ్చదు. ఇంటికి రెండు కొనిపించాలన్న ఉద్దేశం తప్ప దానికి వేరే కారణం నాకు కనిపించదు.

తెలుగు విషయంలో ఇప్పుడు రెండింటికీ పెద్ద తేడా లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో, ఐప్యాడ్లలో ఆప్‌లు కుప్పకూలిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ వారు ఆ నెలలోనే 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. ఐప్యాడ్ ఓఎస్ 18 నుంచి ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు కూడా ఇచ్చారు. ఆండ్రాయిడ్‌లో జీబోర్డు ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. దానికి తోడు తెర మీద పెన్నుతో చేతిరాతగా తెలుగు రాసినా అక్షరాలుగా మారుస్తుంది. పెన్ను ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి మీకు ఇది బాగా కలిసివస్తుంది. కాకపోతే సిస్టమ్‌లో తెలుగు బాగున్నంత మాత్రాన గీసే ఆప్‌లో బాగుంటుందని అనుకోవద్దు. దుకాణంలోనే ఆ ఆప్ తెరిపించి, ‘ముదురు ఎరుపు’, ‘కొంగు’, ‘క్షేత్రం’, ‘వస్త్రం’ అని టైపు చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కకు పడితే ఆ ఆప్‌లో లెక్కలు రాయడం మానుకుని, విడిగా చేత్తోనే రాసుకోండి.

వాట్సాప్ గురించి. ఐప్యాడ్‌కు దాని సొంత ఆప్ 2025 మే నెలలో మాత్రమే వచ్చింది. ఇప్పుడు రెండింటిలోనూ మీ ఫోన్‌లోని ఖాతాకే జతచేసి వాడుకోవచ్చు. గ్రాఫును ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి అంచుల్లో రంగులు కలిపేస్తుంది. రంగులు చెదరని పీఎన్‌జీ రకం ఫైలుగా భద్రపరిచి, ‘డాక్యుమెంట్’గా పంపండి. జేపెగ్ రకం వద్దు, అదీ అంచుల్లో రంగులు కలిపేస్తుంది.

ఆండ్రాయిడ్ తీసుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. పీఎం కిసాన్ పేరుతో, ఆర్టీఓ చలానా పేరుతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఏపీకే ఫైళ్లను (ఆండ్రాయిడ్‌లో ఆప్‌ను నేరుగా ఎక్కించేవి) నొక్కి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసుకున్నవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. వాట్సాప్ నుంచి, బ్రౌజర్ నుంచి ఆప్‌లు ఎక్కించే అనుమతిని సెట్టింగ్స్‌లో మూసే ఉంచండి. మన దేశంలో ఐప్యాడ్‌లోకి యాప్ స్టోర్ బయటి నుంచి అలా ఏదీ ఎక్కదు. ఆ ఒక్క విషయంలో ఐప్యాడ్‌దే పైచేయి.

చండూరు_మగ్గం

సార్, చాలా వివరంగా చెప్పారు. చెల్లెలికి వేరే ఖాతా, పెట్టెలోనే పెన్ను, నా లెక్క లోపల ధర: ఈ మూడూ కలిసి నన్ను ఆండ్రాయిడ్ వైపే లాగుతున్నాయి. క్రిటా, ఇబిస్ పెయింట్ రెండూ చూస్తాను. కొనేముందు దుకాణంలో పెన్నును ఎలా పరీక్షించాలో రిపేర్ల అన్న చెబితే మేలు.

నల్లగొండ_రిపేర్లు

అరచేయి పూర్తిగా తెర మీద ఆనించి, పెన్నుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా గీత గీయండి. వేగంగా కాదు, బాగా నెమ్మదిగా. నాసిరకం పెన్ను అయితే ఆ గీత పాము నడకలా వంకర్లు పోతుంది. వేగంగా గీస్తే ఆ దోషం బయటపడదు, అందుకే దుకాణంలో వేగంగా గీసి చూపిస్తారు. తరువాత తెర నాలుగు అంచుల దగ్గర ఒక్కొక్క చుక్క పెట్టి చూడండి. మొన ఉన్న చోటే చుక్క పడాలి, పక్కకు పడకూడదు. మీ పెన్‌డ్రైవ్ కూడా వెంట తీసుకువెళ్లి, యూఎస్‌బీ-సీ మార్పిడి పిన్నుతో తగిలించి ఫైలు అందులోకి పోతుందో లేదో చూసుకోండి. ప్రింటు తీసే దుకాణాల్లో చాలావరకు పెన్‌డ్రైవే అడుగుతారు.

పుట్టపాక_తేలియా

ప్రింటు మాట వచ్చింది కాబట్టి ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. ఏ సిస్టమ్ కొన్నా ఇది ఒకటే. ఏ3 కాగితం పొడవు 420 మిల్లీమీటర్లు. 240 గళ్లను ఒకే కాగితం మీద తీస్తే గడి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, సాయంత్రం వెలుతురులో మీ బాపుకు ఆనదు. ఫైలును సరిగ్గా 20 రెట్లు పెంచి 4,800 పిక్సెళ్లు చేయండి. ఇరవైన్నర వంటి రెట్లు వద్దు, గళ్లు ఒకదానికొకటి సమానంగా రావు. దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి రెండు ఏ3 కాగితాల మీద తీయించండి. అంచులు పోగా ఒక్కో గడి మూడు మిల్లీమీటర్ల పైనే వస్తుంది. కోసేటప్పుడు మధ్యలో ఉన్న ఒక వరుస గళ్లను రెండు కాగితాల మీదా ఉంచి, ఆ వరుస పైన ఒక గుర్తు పెట్టండి. దుకాణంలో ప్రింటు ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ (బొమ్మను కాగితానికి సరిపోయేలా దానంతటదే మార్చేది) తీసేయమని చెప్పడం మరవకండి. అది ఉంటే రెండు కాగితాల కొలత రెండు రకాలుగా వచ్చి వరుసలు కలవవు.